నేను చూడని రెండు ఇన్నింగ్సులు

ఆ రోజుల్లో మా మార్కాపురం వైపు పేపర్లో పడిన మాటకు తిరుగు లేదు. ఒక పెద్దమనిషి నిక్షేపంగా బతికి ఉన్నా, పొరపాటున ఆయన పోయాడని పేపర్లో పడితే, నాలుగు రోజులపాటు వీధుల్లో తిరిగి తన్ను తాను నలుగురికీ చూపించుకోవాల్సి వచ్చేది. (ఊరికే అనడం లేదు. గిద్దలూరు దగ్గర ఒకాయన విషయంలో నిజంగానే ఇలా జరిగింది. ఆ వార్త రాసింది నేను కాదు. నేను రాసింది వేరే.) ఇప్పుడు ఫోన్లో ఎవరైనా ఏదైనా పెడతారు, చూసినవాళ్లు నమ్మితే నమ్ముతారు, లేకపోతే లేదు. అప్పుడలా కాదు. అచ్చులో పడిందంటే అంతే. అలాంటి కాలంలో, ఇరవై రెండేళ్ల వయసులో, లోకజ్ఞానం బొత్తిగా లేని నా చేతికి ఒకరు కలం ఇచ్చారు.

డిగ్రీ పూర్తి చేసి ఖాళీగా ఉన్న నన్ను ఒక దినపత్రికవాళ్లు మార్కాపురంలో కంట్రిబ్యూటర్‌గా పెట్టుకున్నారు. గుర్తింపు కార్డు, చిన్న నోటు పుస్తకం, మోటారుసైకిలుకు అంటించుకోవడానికి ‘ప్రెస్’ అని రాసిన స్టిక్కరు ఇచ్చారు. నాకు మోటారుసైకిలు లేదు. మా నాయన పాత సైకిలు మడ్‌గార్డుకు అంటించాను. ఆయన ఆ సైకిలెక్కి పలకల ఫ్యాక్టరీకి పనికి పోతుంటే దారిలో ఒక కానిస్టేబులు నమస్కారం పెట్టాడట. ఆ నమస్కారం సంగతి మా నాయన చాలా రోజులు చెప్పుకున్నాడు. ఇక నా సంగతి వేరే చెప్పాలా? నడుస్తుంటే భూమి నా బరువుకు కాస్త కుంగుతున్నట్టు ఉండేది.

వార్తలు కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, బస్టాండులో ఒంగోలు బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాళ్లం. అక్కడ మా ఆఫీసు మనిషి వచ్చి తీసుకునేవాడు. సాయంత్రం అయిదుంపావు బస్సు తప్పితే ఆ రోజు వార్త మర్నాడు పేపర్లో ఉండదు. ఒంగోలు ఆఫీసులో నా రాతలు దిద్దే పెద్దాయన ఒకడుండేవాడు. డెస్కులో కూర్చుంటాడు కాబట్టి నేను డెస్కన్న అనేవాణ్ణి. నేను చేరిన కొత్తలో ఆయన ఫోను చేసి ఒక ఉపదేశం చేశాడు. “తమ్ముడూ, బోరు ఎండిపోయిందని రాస్తే ఎవరు చదువుతారు? ఆ బోరు పక్కన కూర్చున్న ముసలమ్మ ఏమందో రాయాలి. మానవీయ కోణం ఉండాలి తమ్ముడూ, మానవీయ కోణం.” ఆ మాట నా తలలో బాగా నాటుకుంది. తరవాత మూడు నెలలపాటు నా ప్రతి వార్తలోనూ ఒక ముసలమ్మ ఉండేది. దొనకొండ స్టేషన్లో రైలు ఆలస్యమైతే ముసలమ్మ. చంద్రశేఖరపురంలో కందిచేనుకు పురుగు పడితే ముసలమ్మ. కరెంటు ఆఫీసు కొత్త గదికి సున్నం వేస్తే అక్కడా ముసలమ్మే. చివరికి డెస్కన్నే మళ్లీ ఫోను చేసి, “ఆ యమ్మకు కొంచెం రెస్టియ్యి తమ్ముడూ, పాపం అలిసిపోయింటది” అన్నాడు.

అలా ముసలమ్మను పక్కన పెట్టాల్సి వచ్చిన వారంలోనే బేస్‌బాల్ మ్యాచి వచ్చింది.

బడి పిల్లల ఆటల పోటీల్లో ఆ ఏడు బాలికల బేస్‌బాల్ కూడా చేర్చారు. మా వైపు రెండే రెండు జట్లు తయారయ్యాయి. ఒకటి మార్కాపురం జట్టు. రెండోది యర్రగొండపాలెం అవతల, అడవి అంచున ఉన్న ఒక ఊరి బడి జట్టు. (ఆ ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్లకు నేను ఒకసారి చేసింది చాలు.) రెండే జట్లు కాబట్టి మొదటి మ్యాచే ఫైనలు. గెలిచినవాళ్లు ఒంగోలులో జిల్లా పోటీలకు పోతారు. నాకు క్రికెట్టు తెలుసు, కబడ్డీ తెలుసు. ఈ ఆట ఎప్పుడూ చూడలేదు. కాలేజీ గ్రౌండుకు పోయి, అడవి అంచు బడి డ్రిల్లు మాస్టరును పట్టుకున్నాను. ఆయన మెడలో విజిలు లేకుండా ఎవరూ చూసి ఉండరు. పెళ్లి భోజనానికి కూడా దానితోనే వచ్చేవాడని చెప్పుకునేవాళ్లు. అందరూ ఆయన్ను విజిల్ సార్ అనేవాళ్లు.

“ఏం లేదబ్బాయ్,” అన్నాడు ఆయన. “నాలుగు మూలలు. ఆ గోనెసంచులు కనపడతన్నాయి గదా, అవే. బంతి కొట్టి, నాలుగు మూలలూ చుట్టి మొదటికి రావాల. వస్తే ఒక పరుగు. ముగ్గురు ఔటైతే ఈళ్లు ఫీల్డింగుకి, ఆళ్లు బ్యాటింగుకి. అట్ల ఏడుసార్లు.”

“రెండు జట్లకూ కలిపి ఏడుసార్లా సార్?”

“ఒక్కోజట్టుకు ఏడుసార్లు.”

“సాయంత్రమైతది గదా సార్.”

“అయితే కానీ. మనకేం పనుంది?” అన్నాడు. ఆయనకు లేదు. నాకు మాత్రం చాలా పనులున్నట్టు వాచీ చూసుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ ఆట చూడటానికి వింతగానే ఉంది. రెండు జట్లకూ కలిపి చేతికి తొడుక్కునే తొడుగులు తొమ్మిదే ఉన్నాయి. అందుకని జట్లు మారినప్పుడల్లా ఒక జట్టు పిల్లలు తొడుగులు విప్పి నేల మీద పెట్టడం, రెండో జట్టు పిల్లలు వచ్చి తొడుక్కోవడం, కుడిచేతిది ఎడమచేతికి పట్టక మళ్లీ విప్పడం. ఆటకంటే దానికే ఎక్కువసేపు పట్టేది. అడవి అంచు బడి పిల్లల చొక్కాలన్నీ వాళ్ల కెప్టెనమ్మాయి తండ్రి కుట్టాడు. ఆయన ఆ ఊళ్లో దర్జీ. ఒకే రంగు బట్ట దొరక్క సగంమందికి నీలం చేతులు, సగంమందికి ఆకుపచ్చ చేతులు పెట్టాడు. కుట్టు మాత్రం ఎంత చక్కగా ఉందంటే, ఆ రంగులు కావాలనే అలా పెట్టారేమో అనిపించింది. ఆ పిల్లలకు బంతి విసరడం బాగా వచ్చు. పట్టుకోవడమే రాదు. బంతి వస్తుంటే ఇద్దరు ముగ్గురు కళ్లు గట్టిగా మూసుకునేవాళ్లు. మార్కాపురం పిల్లలు ఎడాపెడా కొట్టి చుట్టేస్తున్నారు. పెద్ద పలక మీద సుద్దముక్కతో స్కోరు రాసే ఆయనకు తుడిచి రాయడమే సరిపోయింది. అయిదో ఇన్నింగ్స్ అయ్యేసరికి మార్కాపురం ఇరవై రెండు, అవతలి జట్టు ఆరు.

మంచినీళ్ల కోసం గ్రౌండు మూలన ఉన్న పంపు దగ్గరికి పోయాను. అడవి అంచు బడి కెప్టెనమ్మాయి అక్కడ దోసిళ్లతో ముఖాన నీళ్లు కొట్టుకుంటోంది. పదో తరగతి పిల్ల. పొడుగ్గా, బక్కగా ఉంది.

“ఏమ్మా, అయిపోయినట్టేనా?” అని పలకరించాను.

“లేద్సార్. ఇంకా రెండుసార్లుంది.”

“ఇరవై రెండూ ఆరూ గదమ్మా.”

“అవున్సార్. ఇంకా రెండుసార్లుంది.”

రెండోసారి కూడా ఆ గొంతులో ఏ మార్పూ లేదు. పాపం ఈ పిల్లకు లెక్కలు సరిగా రావనుకున్నాను. “సరేలేమ్మా, బాగా ఆడండి” అని పెద్దరికంగా చెప్పి, సైకిలు తీసుకుని వచ్చేశాను.

ఇన్నేళ్లూ ఈ విషయం ఎవరడిగినా, వార్త కవరు వేయడానికి బస్సు టైమైంది, అందుకే వచ్చేశాను అని చెప్పాను. చెప్పి చెప్పి నాకే అది నిజమనిపించేది. ఇప్పుడు దాచేదేముంది? బస్సు అయిదుంపావుకి. నేను గ్రౌండు నుంచి లేచింది మూడున్నరకి. బస్టాండు పక్క హోటల్లో సరిగ్గా ఆ టైముకి మిరపకాయ బజ్జీలు మొదటి వాయి దించుతారు. రెండో వాయికి నూనె కాస్త మాడేది. అందుకని నేను ఎప్పుడూ మొదటి వాయికే పోయేవాణ్ణి. అదీ సంగతి.

ఆ బజ్జీల బల్ల మీదే వార్త రాశాను. ‘బేస్‌బాల్‌లో మార్కాపురం బాలికల ఘనవిజయం’ అని శీర్షిక పెట్టాను. ప్రత్యర్థి జట్టు చేతులెత్తేసిందని, 22–6తో మట్టికరిచిందని రాశాను. అంతటితో ఆపినా బాగుండేది. డెస్కన్న మాట గుర్తొచ్చింది. ముసలమ్మ పనికిరాదు. పంపు దగ్గర తడిసిన ముఖం గుర్తొచ్చింది. ‘ఓటమిని తట్టుకోలేక ప్రత్యర్థి జట్టు కెప్టెన్ మైదానం అంచున కన్నీటిపర్యంతమైంది. తోటి క్రీడాకారిణులు ఆమెను ఓదార్చలేకపోయారు’ అని రాశాను. రాసి, చదువుకుని, నాకే ఆ పిల్ల మీద జాలేసింది. ఇంకో ప్లేటు బజ్జీలు చెప్పాను.

మర్నాడు పొద్దున్నే పేపరు తెచ్చి మా అమ్మకు చదివి వినిపించాను. “చూసినావామ్మా, నా అక్షరం ఒక్కటి కూడా మార్చలా. ఎట్ల రాసినానో అట్లే ఏసినారు” అని చెప్పాను. మా అమ్మ, “పాపం, ఆ పిల్ల అంతగనం ఏడ్చిందా?” అంది. “ఏడవదా మరి” అన్నాను.

మూడో రోజు ఒకాయన మా ఇంటికి వచ్చాడు. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం, మెడలో కొలత టేపు. దుకాణంలోంచి లేచి అలాగే బస్సెక్కినట్టున్నాడు, దాన్ని తీయడం మరిచిపోయాడు. చేతిలో తువ్వాలు చుట్టిన వస్తువు ఏదో ఉంది.

“సలాం సార్. పేపరు సారు ఇల్లు ఇదేనా?”

కూర్చోమన్నాను. అరుగు మీద కూర్చుని తువ్వాలు విప్పాడు. లోపల మెరిసే కప్పు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన పేపరు తీశాడు. అది ఏ పేజీయో చూడగానే తెలిసింది.

“కెప్టెను పాప మా బిడ్డే సార్,” అన్నాడు. “ఆ సాయంత్రం వచ్చి, అబ్బా, గెలిచినాం అనింది. కప్పు చేతిలో పెట్టింది. నేను శానా సంతోషపడినా. తెల్లారి పేపరొచ్చింది. ఓడిపోయినారని ఉంది. మా ఊళ్లో టీ బంకుకాడ అందరూ చదివినారు. ఒకాయనేమో, ఈ కాలంలో ఓడిపోయినోళ్లకు కూడా కప్పులిస్తారులే అన్నాడు. ఇంకొకాయన, మీ పిల్లలు తెలీక ఆళ్ల కప్పు ఎత్తుకొచ్చినట్టుండారు, పోయి ఇచ్చిరాపో అన్నాడు. డ్రిల్లు సారును అడుగుదామంటే, ఆయన పిల్లల్ని ఊళ్లో దింపి, అమ్మకు బాగలేదని అదే బస్సులో వాళ్లూరికి పోయినాడు. ఇంకా రాలా. అందుకే మీకాడికి వచ్చినా. మీరు ఆడ ఉన్నారు గదా. ఈ కప్పు వాళ్లదైతే చెప్పండి, ఇచ్చేసి పోతా. మాదైతే తీసుకపోతా.”

ఆయన పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మా పాప అబద్ధం చెప్పదు సార్. పేపరూ అబద్ధం చెప్పదు. నాకేం తోచడం లేదు.”

ఇప్పుడే వస్తానని చెప్పి సైకిలెక్కి, పలక మీద స్కోరు రాసినాయన ఇంటికి ఆయాసపడుతూ పోయాను. ఆయన స్కోరు కాగితం తీసి చూపించాడు. అడవి అంచు బడి ఇరవై ఆరు, మార్కాపురం ఇరవై అయిదు. నేను ఆ కాగితాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశాను, అక్కడేమైనా వేరే స్కోరు ఉంటుందేమోనని. “ఇట్లెట్ల అయింది?” అని అడిగాను. “నువ్వు బజ్జీలకు పోయినంక అయింది” అన్నాడాయన. ఆ సంగతి ఆయనకెలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. అంత సిగ్గు మీద ఆట ఎలా జరిగిందని అడిగే ధైర్యం లేక తిరిగి వచ్చాను.

ఇంటి దగ్గర మా అమ్మ ఇచ్చిన టీ తాగి, కప్పును ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు దర్జీ.

“మీదే భాయ్,” అన్నాను. “మీ పాపవాళ్లే గెలిచారు. ఇరవై ఆరూ ఇరవై అయిదు.”

ఆయన కళ్లు మూసుకుని ఏదో చిన్నగా అనుకున్నాడు. కప్పును మళ్లీ తువ్వాల్లో చుట్టాడు. చుట్టి, “మరి పేపర్లో అట్ల ఎందుకు పడింది సార్?” అన్నాడు. కోపంగా కాదు. తెలుసుకుందామని.

“ప్రెస్సులో పొరపాటు జరిగింది” అన్నాను.

“ఏడ్చిందని గూడా ఉంది సార్. మా పాప ఏడవదు. చిన్నప్పుడు మిషను సూది వేలులో దిగింది, అప్పుడు గూడా ఏడవలా.”

“అదీ ప్రెస్సే భాయ్.”

గడపలో నిలబడి ఉన్న మా అమ్మ నా వైపు చూసింది. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. మా అమ్మ నన్ను చాలాసార్లు తిట్టింది, రెండు మూడుసార్లు కొట్టింది కూడా. అవేవీ నాకంతగా గుర్తు లేవు.

ఆ చూపు వల్లనో ఏమో, పోయేముందు దర్జీకి రెండు మాటలిచ్చాను. పేపర్లో సవరణ వేయిస్తానన్నాను. సోమవారం నేనే వాళ్ల ఊరికి వచ్చి, బడిలో ప్రార్థన అయ్యాక పిల్లలందరి ముందూ, వీలైతే టీ బంకు దగ్గర కూడా, గెలిచింది వీళ్లేనని చెబుతానన్నాను. “మీరు వస్తే చాలు సార్. మీ నోటితో చెప్తే ఇంక ఎవరూ ఏమనరు” అని, రెండు చేతులూ పట్టుకుని పోయాడు.

ఆ సాయంత్రమే బూతు నుంచి డెస్కన్నకు ఫోను చేశాను. గొణుగుతూ విషయం చెప్పాను.

“ఇరవై ఆరూ ఇరవై అయిదా? ఏందది, బాస్కెట్‌బాలా?”

“కాదన్నా, బేస్‌బాల్.”

“సరే, పంపిస్తాలే. స్కోరు మల్లొకసారి చెప్పు.”

చెప్పాను. సోమవారం పొద్దున పేపర్లో, సంతాన సాఫల్య తైలం ప్రకటన కింద, రెండు వేళ్లంత చోట్లో సవరణ పడింది. బాస్కెట్‌బాల్ పోటీల్లో మార్కాపురం బాలికలు 26–25తో విజయం సాధించినట్లుగా పాఠకులు సవరించి చదువుకోవాలని ఉంది. అంటే నేను మార్కాపురాన్ని ఒకసారి కాదు, రెండుసార్లు గెలిపించాను. రెండోసారి ఆట కూడా మార్చాను. వెంటనే ఫోను చేస్తే డెస్కన్న నిదానంగా చెప్పాడు: “తమ్ముడూ, సవరణకు సవరణ వెయ్యరు. అట్ల వేస్తే పేపరు మీద నమ్మకం పోతది.”

ఆ సోమవారమే నేను ఆ ఊరికి పోవాల్సింది. పోలేదని చెప్పను. బస్టాండుకు పోయాను. యర్రగొండపాలెం బస్సెక్కాను. కిటికీ పక్క సీట్లో కూర్చున్నాను కూడా. నా పక్కన ఒకాయన అదే పేపరు తిరగేస్తున్నాడు. ఆ ఊళ్లో టీ బంకు దగ్గర కూడా ఈపాటికి ఇదే పేజీ విప్పి ఉంటారు. ప్రార్థన దగ్గర వరసల్లో పిల్లలు, ముందు వరసలో ఆ పొడుగాటి పిల్ల. ఏం చెప్పాలి? మొదటిసారి ప్రెస్సు, రెండోసారీ ప్రెస్సేనా? కండక్టరు టికెట్లు కొడుతూ మూడు సీట్ల ముందుకు వచ్చేసరికి లేచి దిగిపోయాను. వచ్చే వారం పోదామనుకున్నాను. వచ్చే వారం వానలు పడ్డాయి. ఆ పై వారం ఏదో సభ ఉంది. తరవాత, ఇంత ఆలస్యంగా పోతే బాగుండదనిపించింది. మంచి పని ఒకటి చేయకుండా ఉండటానికి మనిషికి ఎన్ని కారణాలు దొరుకుతాయో ఆ నెలలో తెలుసుకున్నాను.

నెల దాటాక బస్టాండులో విజిల్ సార్ ఎదురుపడ్డాడు. తప్పించుకోబోయాను గాని, ఆయన చూశాడు. జిల్లా పోటీలకు ఒంగోలు పోయి వచ్చారట. మొదటి మ్యాచిలోనే ఓడిపోయారట.

“కెప్టెనమ్మాయి ఎట్ల ఆడింది సార్?” అని అడిగాను.

“ఆ పిల్ల రాలేదబ్బాయ్. వాళ్ల నాయన పంపీలా. నేను వచ్చి గెలిచినారని అందరికీ చెప్పినాలే. నమ్మినారు గూడా. కానీ అప్పటికే వారమైపోయింది. ఏడ్చిందంట, కప్పెత్తుకొచ్చిందంట అని ఊరంతా అననే అనిరి. ఆడపిల్ల పేరు ఇంకోసారి పేపర్లో పడే పని నాకొద్దు సార్ అన్నాడు.”

అలవాటు కొద్దీ, “ఒంగోల్లో ఎంతకు ఓడిపోయినారు సార్?” అన్నాను.

“ఏం, రాసుకుంటావా?” అన్నాడు విజిల్ సార్. ఆయన నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే.

తరవాత రెండేళ్లకు పేపరు పని మానేశాను. ఈ ఒక్క విషయం వల్లే మానేశానని చెబితే అది కూడా మానవీయ కోణమే అవుతుంది. పెళ్లయింది, నిలకడైన పని కావాల్సి వచ్చింది, మానేశాను. అప్పటి నుంచి రిజిస్ట్రారాఫీసు ఎదురుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తున్నాను. ఇక్కడ తూర్పు అంటే తూర్పే రాయాలి. పక్క స్థలం ఎవరిదో, దారి ఎటు పోతుందో, పోయి చూడకుండా రాస్తే కోర్టుకెక్కుతారు. నాకు ఈ పని నప్పింది. జుట్టు పోయింది, అద్దాలు వచ్చాయి, పొట్ట వచ్చింది. పాతవాళ్లెవరూ నన్ను చూడగానే గుర్తుపట్టరని ఒక ధీమా కూడా వచ్చింది.

పోయిన ఎండాకాలం ఒకామె వచ్చింది. మార్కాపురంలో బడి పిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణం ఉందట, సొంతంగా చిన్న స్థలం కొనుక్కుంటోంది, దస్తావేజు రాయాలి. రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను. మళ్లీ ఒకసారి అంది. మళ్లీ చదివాను. మూడోసారి కూడా చదవమంటే, కొంచెం విసుగ్గానే, “తప్పేం లేదులేమ్మా, నేను శానా ఏళ్లుగా రాస్తన్నా” అన్నాను.

“తెలుసు సార్,” అందామె. “నేను ఆ రోజు ఏడవలేదు. మొగం కడుక్కుంటన్నా.”

చేతిలో కాగితాలు కింద పెట్టేశాను. కొన్ని మాటలకు ముందూ వెనకా చెప్పక్కర్లేదు. బల్ల చుట్టూ ఇంకో నలుగురు తమ పని కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే చెప్పాను. చెప్పకపోతే ఇంకో ఇరవై ఏళ్లు పడుతుంది.

“అది ప్రెస్సు తప్పు కాదమ్మా. నేను ఆట చివరిదాకా చూడలేదు. బజ్జీలు తినడానికి పోయినా.”

“అదీ తెలుసు. మా డ్రిల్లు సారు చెప్పినాడు.” ఆమె ముఖంలో కోపం కోసం వెతికాను. కనబడలేదు. అది ఉన్నా బాగుండేది. “అబ్బాకు మాత్రం నేను చెప్పలా. మీరు సోమవారం వస్తారని ఆయన ఆ రోజు దుకాణం తెరవకుండా రోడ్డు మీద నిలబడినాడు. రాకపోతే, సారుకు ఏదో పని పడింటదిలే అన్నాడు. ప్రెస్సు మిషన్లోనే తప్పు జరిగిందని చివరిదాకా అనుకున్నాడు. మిషనన్నాక దారం తెగతది గదా బేటీ, మనిషిని అనకూడదు అనేవాడు. పోయినేడు పోయినాడు సార్.”

ఆయన రోడ్డు మీద నిలబడిన సంగతి నాకు అంతవరకూ తెలియదు. కిటికీ పక్క సీట్లోంచి నేను లేచి దిగిపోతున్న సమయానికి అవతలి చివర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. క్షమించమని అడగాల్సిన మనిషి లేడు. ఇరవై ఏళ్లుగా అడగాలనుకున్నది మాత్రం అడిగాను.

“అమ్మా, ఆ చివరి రెండు ఇన్నింగ్సులూ ఎట్ల జరిగినాయి?”

ఆమె నవ్వింది. నిజంగా నవ్వింది. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది.

“ఆరోసారి బంతెయ్యడానికి మా పిల్ల చెయ్యి నొప్పంటే నేను తీసుకున్నా. వాళ్లకు రెండే పరుగులిచ్చినా. ఇరవై నాలుగైనాయి. అప్పుడు చూసినా సార్, వాళ్ల బంతేసే పిల్ల కూడా పొద్దుననించి ఒక్కతే వేస్తాంది. చెయ్యి పైకి లేవడం లేదు. నాలుగు బంతులు పక్కకు పోయినాయంటే, మనం కొట్టకుండానే నడిచి మొదటి మూలకు పోవచ్చు. మూలలన్నీ నిండినాయంటే, ఇంకొకరు నడిస్తే ఒకరు ఇంటికొస్తారు, ఒక పరుగు. మా పిల్లలకు చెప్పినా, ఎవురూ కొట్టొద్దండే, బ్యాటు భుజాన పెట్టుకోని కదలకుండా నిలబడండని. అట్ల నిలబడి నిలబడి తొమ్మిది.”

“ఊరికే నిలబడి తొమ్మిదా?” అన్నాడు పక్కన కూర్చున్న రైతు ఒకాయన.

“ఊరికే నిలబడటం సులువా పెద్దాయనా? బంతి మొగం మీదికొస్తాంటే కదలకుండా నిలబడాల. మా జట్టులో కొండ కింద గూడెం పిల్ల ఒకతి ఉన్నింది. బంతి చూస్తే కళ్లు మూసుకునేది. ఆ రోజు కళ్లు మూసుకోనే నిలబడింది, కదల్లా. రెండుసార్లు నడిచింది.” ఆమె వేళ్లు బల్ల మీద నాలుగు మూలలు గీస్తున్నాయి. “ఏడోసారి వాళ్లకు ఒకటి వచ్చింది, ఇరవై అయిదు. మాకు మల్లా నిలబడటమే. పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు. ఇరవై నాలుగు కాడ వాళ్లకు బుద్ధొచ్చి బంతేసే పిల్లను మార్చినారు. కొత్తపిల్ల బాగా వేసింది. బ్యాటు పట్టిన పిల్ల ఒకతి, మూల మీదున్న పిల్ల ఒకతి ఔటైపోయినారు. ఇంకొకరు ఔటైతే అయిపోయినట్టే. మూలల్లో ఇద్దరుండారు. నేను పోయినా. ఇంక నిలబడితే పనికాదు. కొట్టినా. బంతి పోయి గోడ కాడ కంపచెట్లల్లో పడింది. వాళ్లు ముళ్లల్లో వెతుకుతాండంగానే ఇద్దరూ వచ్చేసినారు. ఇరవై ఆరు.”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి వదిలారు. రైతు, “భలే ఉందే ఈ ఆట” అన్నాడు. నాకు తెలియకుండానే నా చెయ్యి పెన్ను మీదికి పోయింది. ఆమె చూసింది.

“ముందు దస్తావేజు పని చూడండి సార్,” అంది.

మూడోసారి చదివాను. సంతకం పెట్టింది.

ఇదంతా రాయవచ్చా అని తరవాత ఆమె దుకాణానికి పోయి అడిగాను. ఆలోచించి, తన పేరు వద్దంది, రాసినాక తనకు చదివి వినిపించాలంది. నిన్న సాయంత్రం తీసుకుపోయి, మిషను పక్కన స్టూలు మీద కూర్చుని మొత్తం చదివాను. రెండు చోట్ల దిద్దించింది. గూడెం పిల్ల ఒకసారే నడిచిందని రాశాను, రెండుసార్లంది. బంతి గోడ దాటిందని రాశాను, దాటలేదు, కంపలో పడిందంది. ఇంకో చోట, ఆ రోజు ఆమె మహా గొప్పగా ఆడిందని ఒక వాక్యం రాశాను. బాగానే కుదిరిందనుకున్నాను. దాన్ని మాత్రం కొట్టేయమంది.

“ఎందుకమ్మా?” అన్నాను.

“అది మీరు చూడలేదు గదా సార్,” అంది.

కొట్టేశాను.